సబ్‌నెట్ మాస్క్‌కి బైనరీ రావాల్సిందేనా?

కొత్తపోర్ట్: మాస్క్ 255.255.255.192. 192.168.10.70, 192.168.10.130 ఒకే సబ్‌నెట్టా (నెట్‌వర్క్‌లో ఒకే ముక్కలో ఉన్నాయా)? కాలిక్యులేటర్ కాదంటోంది, ఎందుకో తెలియట్లేదు. బైనరీ నేర్చుకోక తప్పదా?

పాతకేబుల్: తప్పదు. మాస్క్‌లో 32 బిట్లు. ఒకట్లున్న మేర నెట్‌వర్క్ (ఏ సబ్‌నెట్ అనేది), సున్నాలున్న మేర హోస్ట్ (అందులో ఏ మెషీన్ అనేది). మాస్క్ చివరి 192 అంటే 11000000. 70 అంటే 01000110, 130 అంటే 10000010. మొదటి రెండు బిట్లు చూడండి, ఒకదానికి 01, ఇంకోదానికి 10. అందుకే వేరు. కాలిక్యులేటర్ జవాబిస్తుంది గానీ కారణం చెప్పదు.

రాత్రిషిఫ్ట్: ఇంత తతంగం దేనికండీ? 256లోంచి 192 తీసేస్తే 64. సబ్‌నెట్లు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. 70 రెండోదాంట్లో, 130 మూడోదాంట్లో. తొమ్మిదేళ్లుగా ఇదే పని, బైనరీ రాసింది పరీక్షలోనే.

తోకచుక్క: 192తో మొదలైతే క్లాస్ సి కదా? మాస్క్ 255.255.255.0 ఉండాలిగా?

పాతకేబుల్: క్లాసుల గొడవ 1993లో సైడర్ (క్లాసుతో పనిలేకుండా మాస్క్ పెట్టుకునే పద్ధతి) వచ్చాక పోయింది. రాత్రిషిఫ్ట్ గారూ, మీ 64 ఎక్కడిది? ఆరు సున్నా బిట్లదే. చేసేది బైనరీయే, పేరెత్తరంతే.

రాత్రిషిఫ్ట్: పేరెత్తకపోయినా పని జరుగుతోందిగా. 64లోంచి నెట్‌వర్క్ అడ్రసు, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే) అడ్రసు తీసేస్తే హోస్టులు 62, అదీ చెప్పగలను.

పాతకేబుల్: /31లో, అంటే మాస్క్‌లో 31 ఒకట్లుంటే, ఎన్ని? మీ లెక్కన రెండు తీసేస్తే సున్నా. కానీ రెండు రూటర్ల మధ్య లింకుకి /31 వాడొచ్చని 2000లోనే ఆర్‌ఎఫ్‌సీ 3021 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పింది.

రాత్రిషిఫ్ట్: /31 ఎవరడిగారు? అడిగింది /26, ఆ 192 మాస్కే.

వదులువైరు: ఇద్దరూ కాసిని మంచినీళ్లు తాగండి.

పాతకేబుల్: నవ్వులాట కాదు. మా దగ్గర ఒకతను సర్వర్‌కి 255.255.255.0 బదులు 255.255.0.0 పెట్టాడు. పక్క సబ్‌నెట్లన్నీ తన పక్కనే ఉన్నాయనుకుని అది గేట్‌వేకి (బయటి సబ్‌నెట్లకి దారి చూపే రూటర్‌కి) పంపకుండా నేరుగా ఏఆర్‌పీతో (తన సబ్‌నెట్‌లో "ఈ అడ్రసు ఎవరిది?" అని అడిగే పద్ధతితో) వెతికింది. జవాబిచ్చేదెవరు? ఇంటర్నెట్ మాత్రం శుభ్రంగా వస్తోంది. నాలుగు గంటలు ఫైర్‌వాల్‌ని తిట్టుకున్నాం.

రాత్రిషిఫ్ట్: అది సరిచూసుకోకపోవడం. బైనరీ వచ్చినవాడు టైపింగ్‌లో తప్పు చేయడా? అసలు మాట చెప్పనా? ఒక ఇంటర్వ్యూలో జవాబు కరెక్టుగానే చెప్పాను. బోర్డు మీద బిట్లు రాయలేదని "పద్ధతి రాదు" అని పంపేశారు. అటువైపు కూర్చునేది మీలాంటివాళ్లే.

పాతకేబుల్: నేనైతే పంపేవాణ్ని కాదు, ఇంకో ప్రశ్న వేసేవాణ్ని. 10.1.4.0/23లో 10.1.4.255ని హోస్ట్‌కి ఇవ్వొచ్చా?

రాత్రిషిఫ్ట్: ఇవ్వొచ్చు. /23 మాస్క్ 255.255.254.0. మూడో అంకెలో 256లోంచి 254 పోతే 2. 4.0 నుంచి 5.255 దాకా ఒకటే. బ్రాడ్‌కాస్ట్ 5.255.

పాతకేబుల్: కరెక్టే. మీకు ఉద్యోగం ఇస్తాను. కొత్తవాళ్లకి పాఠం చెప్పే పని మాత్రం ఇవ్వను. 254 ఎందుకని తోకచుక్క అడిగితే ఏం చెబుతారు?

రాత్రిషిఫ్ట్: పాఠం చెప్పడానికి నేనెప్పుడు వచ్చాను?

కొత్తపోర్ట్: నాకు ఆ 01, 10 దగ్గరే వెలిగింది. పరీక్షలో మాత్రం 64 లెక్కే వేస్తా. తిట్టకండి.

తోకచుక్క: 254 ఎందుకు?