ఒకే బండ మీద ఆల్చిప్పల పట్టీ ఒక్కోవైపు ఒక్కో ఎత్తులో ఎందుకుంది?

ప్రశ్న: నమస్కారమండీ. డిగ్రీ ప్రాజెక్టు కోసం విశాఖ తెన్నేటి పార్కు కింది రాళ్ళ మీద జీవుల పట్టీలు కొలుస్తున్నాను. పైన నల్లటి పొర, చిన్న నత్తలు. వాటి కింద బార్నకిల్స్ (రాతికి అతుక్కుని బతికే, గట్టి గుల్ల ఉన్న చిన్న జీవులు), ఆ కింద రాతికి అతుక్కున్న ఆల్చిప్పలు, అట్టడుగున నాచు. వరస సరిగ్గానే ఉంది, ఎత్తులే కుదరడం లేదు. ఒకే బండకు సముద్రం వైపున్న ఆల్చిప్పల పట్టీ, గట్టు వైపు పట్టీ కంటే దాదాపు అడుగు పైన ఉంది. పైగా నీటి అంచు నుంచి నవంబరులో తీసిన కొలతలకూ మార్చిలో తీసినవాటికీ పొంతన లేదు. వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు సంగతులండీ.

మొదటిది అల. టైడ్ టేబుల్‌లో, అంటే పోటుపాట్ల సమయాలు, ఎత్తులు ఇచ్చే పట్టికలో ఉండేది అలలు లేని నీటి మట్టం. అల నేరుగా కొట్టే వైపు తుంపర, నురగ ఆ మట్టం దాటి చాలా పైదాకా తడుపుతాయి. పట్టీలు ఆ తడిని బట్టే పైకి జరుగుతాయి. కాబట్టి ప్రతి కొలత పక్కనా బండ ఏ దిక్కుకు ఉందో రాయండి. మీ అడుగు తేడా తప్పు కాదు, అదే మీ ఫలితం.

రెండోది, నీటి అంచు నుంచి కొలవడం. విశాఖలో సగటు సముద్ర మట్టం మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా తక్కువ, అక్టోబరు, నవంబరుల్లో బాగా ఎక్కువ. తేడా అర మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనే పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరున్నర లోపు ఉండే తీరంలో ఇది తక్కువేమీ కాదు. ఆల్చిప్పలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మీ సున్నా జరిగిపోయింది.

కదలని బండ మీద ఒక గుర్తు పెట్టుకోండి. మేస్త్రీలు వాడే లెవల్ పైపుతో ప్రతి పట్టీ పై అంచు, కింది అంచు ఆ గుర్తుకు ఎంత పైనో, ఎంత కిందో కొలవండి. పైపులో గాలి బుడగ ఉంటే కొలత చెడుతుంది. అలలు తక్కువున్న రోజు, పాటు సమయానికి నీరు గుర్తుకు ఎంత కింద ఉందో చూసి, టేబుల్‌లోని ఆనాటి ఎత్తు దానికి కలపండి. గుర్తు చార్ట్ డేటమ్‌కు, అంటే టేబుల్‌లోని ఎత్తులకు సున్నాగా తీసుకునే మట్టానికి, ఎంత పైన ఉందో తెలుస్తుంది. రెండు మూడు రోజులు చూసి సగటు తీస్తే మేలు.

మళ్ళీ ప్రశ్న: చాలా థాంక్స్ సార్. పట్టీల పై హద్దుకు ఎండ, కింది హద్దుకు చోటు కోసం జీవుల మధ్య పోటీ కారణమని రాసేయొచ్చా? పై పట్టీలోని గుంటల్లో కూడా పచ్చ నాచు ఉంది, దాన్ని ఎక్కడ వేయాలి?

జవాబు: అలా గుండుగుత్తగా రాయకండి. ఆ మాటకు పేరున్న ఆధారం జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ 1961లో ప్రచురించిన పని. స్కాట్లాండ్‌లోని మిల్‌పోర్ట్ దగ్గర పై పట్టీలో ఉండే చిన్న బార్నకిల్ జాతి, కింద ఉండే పెద్ద జాతిని ఏరేసిన చోట కిందా బతికింది. ఏరనిచోట పెద్దవి దాని మీదికి పెరిగి, కిందికి దూరి పెకలించి చంపాయి. ఆయన తీసేసి చూశాడు, మీరు కొలిచారు. మీ ఆల్చిప్పల కింది హద్దుకు కారణం పోటీయో, వాటిని తినే నత్తలో కొలతలు చెప్పవు. నాచు పై హద్దు కూడా కొన్నిచోట్ల ఎండ వల్ల కాదు, దాన్ని మేసే లింపెట్ల (గొడుగులాంటి గుల్ల ఉన్న నత్తల) వల్ల ఏర్పడుతుంది.

ఎండ గురించి రాయాలంటే మీ కళ్ళెదుటే ఉంది. పాటు సమయంలో పై నత్తను దగ్గర్నుంచి చూడండి. మూత బిగించి, పాదం లోపలికి లాక్కుని, ఎండిన జిగురుతో గుల్ల అంచును మాత్రమే రాతికి అంటించి ఉంటుంది. కాలే రాయి ఒంటికి తగలదు. ఫొటో తీసి పెట్టండి, వైవాలో పనికొస్తుంది.

ఇంకొకరి జవాబు: గుంటల్ని ఏ పట్టీలోనూ కలపకండి, విడి పట్టిక వేయండి. అక్కడ ఎండిపోయే బాధ లేదు కానీ వేడి, ఉప్పు ఎండకీ వానకీ మారిపోతుంటాయి. పాటుకు గంట ముందే దిగండి, నీరు తిరగగానే పైకి వచ్చేయండి. పాటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైముకు వెళ్ళొద్దు. ఆ నల్ల పొర తడిస్తే విపరీతంగా జారుతుంది, ఆల్చిప్పల అంచులు బ్లేడులా కోస్తాయి. బూట్లు వేసుకుని, తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి.