పాత తూటాలు కాల్చాక బ్యారెల్‌లో తుప్పు: కొరోసివ్ ప్రైమర్లని తెలుసుకునేదెలా, కడిగేదెలా?

గుంటూరు_డబుల్‌బ్యారెల్:
నాన్నగారి లైసెన్సు వారసత్వం కింద నా పేరు మీదికి మారింది. 12 బోర్ డబుల్ బ్యారెల్ ఒకటి, .315 రైఫిల్ ఒకటి. వాటితోపాటు పాత తూటాలూ వచ్చాయి. 12 బోర్‌వి కాగితం షెల్లు, .315వి ఇత్తడివి. పెట్టెల మీద సంవత్సరం చెరిగిపోయింది. రేంజ్‌లో కొన్ని కాల్చి, ఎప్పటిలాగే గన్ ఆయిల్‌తో తుడిచి పెడితే మూడో రోజుకి రెండింట్లోనూ గోధుమరంగు పొర కనిపించింది. కొత్త తూటాలతో ఈ బాధ లేదు. ఇవి కొరోసివ్ (తుప్పు పట్టించే) రకమేనా? ఆయిల్ ఎందుకు ఆపలేకపోతోంది?

బెజవాడ_315:
ముందు ఒక మాటండి. ఆ పాత తూటాలన్నీ లైసెన్సులో ఎక్కాయో లేదో చూసుకోండి. ఎక్కకపోతే కాల్చే ఆలోచన మానేసి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి.

ఇక తుప్పు సంగతి. తప్పు గన్‌పౌడర్‌ది కాదు, ప్రైమర్‌ది, అంటే తూటా అడుగున పిన్ తగలగానే పేలి మందుని అంటించే చిన్న మూతది. పాతకాలం ప్రైమర్ మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలితే ఆక్సిజన్ పోయి పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అంటే దాదాపు మన వంటింటి ఉప్పు లాంటిదే. అది సన్నటి పొడిగా బ్యారెల్ అంతా అంటుకుంటుంది. గాలిలో తేమ 84 శాతం దాటితే చెమ్మ పీల్చి నీరవుతుంది. కృష్ణ ఒడ్డున ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ఆ తేమ మామూలే. ఆ ఉప్పునీరు ఉక్కుని తినేస్తుంది. ఉప్పు ఆయిల్‌లో కరగదు కాబట్టి మీరు పూసిన ఆయిల్ ఉప్పు మీద మూత వేసినట్టయింది, అడుగున పని సాగుతూనే ఉంది.

ఉప్పు పోవాలంటే నీళ్లే. అమ్మోనియా కలిపిన గ్లాస్ క్లీనర్ ఉప్పుని "న్యూట్రలైజ్" చేస్తుందని చాలామంది రాస్తారు, నమ్మొద్దు. అక్కడ పని చేసేది అందులోని నీళ్లు. అమ్మోనియాకి పోయేది గుండు వదిలిన రాగి మరక.

.315కి ఇలా చెయ్యండి. రైఫిల్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, బోల్టు (తూటా వెనక మూసే కడ్డీ) పూర్తిగా వెనక్కి లాగి దాని తలని పైకి తిప్పితే బయటికొస్తుంది. గరాటుకి రబ్బరు గొట్టం తగిలించి చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) బిగుతుగా దూర్చండి. ఈ గొట్టం అశ్రద్ధ చెయ్యొద్దు. నీళ్లు బ్యారెల్‌కీ చెక్కకీ మధ్యకి దిగితే పైకి కనపడని తుప్పు పడుతుంది. మూతి కిందికి పెట్టి, మరుగుతున్న నీళ్లు లీటరు పొయ్యండి. వేడి నీళ్లలో ఈ ఉప్పు ఎక్కువ కరుగుతుంది, పైగా వేడెక్కిన బ్యారెల్ తనే ఆరిపోతుంది. గుడ్డతో పట్టుకోండి, చెయ్యి కాలుతుంది. గుంటూరు బోరు నీళ్లు వాడొద్దు, వాటిలోనే ఉప్పుంటుంది. ఆర్వో నీళ్లు చాలు. తర్వాత పొడి ప్యాచ్‌లు (గుడ్డ ముక్కలు) మూడు నాలుగు, చివరిది తెల్లగా పొడిగా రావాలి. అప్పుడు ఆయిల్.

బోల్టు ముఖం, ఖాళీ షెల్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కింద, ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ మొన, ఇవి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ప్రైమర్‌కి అతి దగ్గరున్నవి ఇవే. తడి ప్యాచ్‌తో తుడిచి, ఆరబెట్టి, నూనె రాయండి. కాల్చిన రోజే ఇదంతా అయిపోవాలి.

తెనాలి_ల్యాబ్:
కొరోసివా కాదా అని తేల్చడానికి కాల్చిన ఖాళీ షెల్ చాలు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ రెండు మిల్లీలీటర్లు షెల్‌లో పోసి, మూతి మూసి ఊపి, వడపోసి గాజు గొట్టంలోకి తీసుకోండి. ఒక చుక్క పలుచటి నైట్రిక్ యాసిడ్, తర్వాత రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ ద్రావణం. పాలు విరిగినట్టు చిక్కటి తెల్లటి పదార్థం పడితే క్లోరైడ్ ఉన్నట్టే. ఆ యాసిడ్ చుక్క మానొద్దు. పాతకాలం నల్ల గన్‌పౌడర్ (బ్లాక్ పౌడర్) షెల్ అయితే కార్బొనేట్ వల్ల కూడా తెల్లగా వచ్చి తప్పుదోవ పట్టిస్తుంది. పక్కనే కొత్త తూటా ఖాళీ షెల్‌తోనూ ఇదే చేసి పోల్చండి. చేతి చెమటలోనూ క్లోరైడ్ ఉంటుంది, అందుకని గ్లవుజులు వేసుకోండి. సిల్వర్ నైట్రేట్ చర్మానికి తగిలితే నల్ల మచ్చ కొన్నాళ్లు పోదు.

పటమట_డల్లాస్:
ఇక్కడ టెక్సస్‌లో మిలటరీ సర్‌ప్లస్ (సైన్యం అమ్మేసిన మిగులు తూటాలు) బాగా దొరికేది కాబట్టి గుర్తులు చెబుతా. రేకు డబ్బాల్లో సీలు చేసి వచ్చే సోవియట్ 7.62×54ఆర్, యుగోస్లావియా ఎం67 రకం 7.62×39, పాత బ్రిటిష్ .303, ఇవన్నీ కొరోసివ్ అనుకునే వాడాలి. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికన్ .30-06 కూడా అంతే. అదే కాలంలో వచ్చిన .30 కార్బైన్ మాత్రం మొదటినుంచీ నాన్-కొరోసివ్. బెర్డాన్ అనే రకం ప్రైమర్ ఉందనో, ఉక్కు షెల్ అనో తీర్పు చెప్పెయ్యకండి. ఈనాటి రష్యన్ కమర్షియల్ తూటాలు రెండూ ఉండి కూడా నాన్-కొరోసివే.

కాల్చిన గ్యాస్ బలంతో తమంతట తామే మళ్లీ లోడయ్యే ఎస్‌కేఎస్, ఏకే లాంటి రైఫిళ్లైతే గ్యాస్ పిస్టన్, గ్యాస్ ట్యూబ్, మూతి దగ్గరి బ్రేక్ కూడా కడగాలి. బ్యారెల్ లోపల క్రోమ్ పూత ఉన్నా, వీటన్నిటికీ ఆ రక్షణ ఉండదు.

ఇక్కడివాళ్లు గుండు ఊడబీకి, మందు పారబోసి, ఉత్త ప్రైమర్‌ని మేకుల మీద పేల్చి, రాత్రంతా చెమ్మలో ఉంచి తుప్పు చూస్తారు. అక్కడ మీరు తూటా విప్పడం జోలికి పోవద్దు. తెనాలి మిత్రుడి పద్ధతే మంచిది.

గుంటూరు_డబుల్‌బ్యారెల్:
డబుల్ బ్యారెల్‌కీ ఇలాగే నీళ్లు పొయ్యొచ్చా? డబ్ల్యూడీ-40 కొడితే సరిపోదా?

బెజవాడ_315:
డబుల్ బ్యారెల్‌కి పొయ్యొద్దండి. రెండు బ్యారెళ్లని కలిపే పట్టీ (రిబ్) అతుకు పాతదైతే నీళ్లు కిందికి దిగి బయటికి రావు. బ్యారెళ్లు విడదీసి, వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డని రాడ్‌తో ఒక్కో బ్యారెల్‌లో ఎనిమిది పదిసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో లాగండి. చాంబర్ దగ్గరా చోక్ (మూతి దగ్గర సన్నబడే చోటు) దగ్గరా కాసేపు తిప్పండి. ఆ తర్వాత పొడి గుడ్డ. డబ్ల్యూడీ-40 ఈ దశలో మిగిలిన తడిని తోసెయ్యడానికి పనికొస్తుంది, నెలల తరబడి కాపాడే నూనె కాదు. దాన్ని తుడిచేసి మంచి గన్ ఆయిల్ పట్టించండి. మర్నాడు, మూడో రోజు, వారానికి ఒక్కో ప్యాచ్ లాగి చూడండి. గోధుమరంగు వచ్చిందంటే ఉప్పు ఇంకా ఉందన్నమాట, మళ్లీ నీళ్లతోనే మొదలు. ఇప్పటికే పట్టిన పొరని ఆయిల్‌తో తడిపిన కంచు బ్రష్‌తో తియ్యొచ్చు. గుంటలు పడితే మాత్రం పోవు. చాంబర్‌లో గుంటలుంటే షెల్ ఇరుక్కుంటుంది, గన్‌స్మిత్‌కి చూపించాలి.

కాగితం షెల్లు చెమ్మకి ఉబ్బి ఉంటాయి. చాంబర్‌లోకి తేలిగ్గా జారకపోతే నొక్కి పెట్టొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు, పక్కన పెట్టెయ్యండి. కాల్చినప్పుడు చప్పుడు నీరసంగా వస్తే ఆగి, గన్ విప్పి, బ్యారెల్‌లోంచి వెలుతురు చూడండి. వాడ్ (మందుకీ గుండ్లకీ మధ్య ఉండే బిళ్ల) ఇరుక్కుని ఉండగా ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. బ్యారెళ్ల మీద మెలికల చారలు కనిపిస్తే అది డమాస్కస్ రకం (ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన పాతకాలం బ్యారెల్) కావచ్చు, ఈ తూటాలేవీ పెట్టకుండా ముందు గన్‌స్మిత్ చేత చూపించండి. చాంబర్ పొడవు కూడా కొలిపించండి. పాతవాటిలో 65 మిల్లీమీటర్లది ఉంటుంది, ఇప్పటి తూటాలు చాలావరకు 70వి.