ఏడీహెచ్‌డీ బాబుకి విశాఖ డాక్టరా, ఊళ్లో పిల్లల డాక్టరా?

పర్లాకిమిడి అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. రెండు నెలల కిందట విశాఖలో మానసిక వైద్యుడు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని చెప్పి దానికి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలుపెట్టారు, నెలనెలా రమ్మన్నారు. వెళ్లొచ్చేసరికి రెండు రోజులు పోతాయి, మా ఆయన కొట్టు మూసుకోవాలి. ఇక్కడ పుట్టినప్పటినుంచి చూస్తున్న పిల్లల డాక్టరుగారేమో ఆ మందు నేను రాయనమ్మా అన్నారు. బాబు బడిలో ఎలా ఉంటున్నాడో టీచరు నింపాలని విశాఖలో ఇచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది, టీచరుగారు ఒడియా ఆవిడ, అది ఆవిడ బీరువాలోనే ఉండిపోయింది. ముగ్గురి మధ్యా కబుర్లు మోసేది నేనే, ఎక్కడ ఏది తప్పు చెబుతానో అని ఒకటే టెన్షన్. మీరెవరైనా ఊళ్లోనే చూపించుకుంటున్నారా?

బరంపురం నుంచి:
అక్కా, మా పాపకి పదేళ్లు, మేమూ మొదటి ఏడాది ఇలాగే తిరిగాం. తర్వాత పెద్ద డాక్టరుగారిని అడిగి ఊళ్లో డాక్టరుకి ఉత్తరం రాయించుకున్నాం: డోసు ఎంత, ఏమేం చూడాలి, ఏం కనిపిస్తే ఫోన్ చేయాలి. ఇప్పుడు నెలనెలా బరువు, ఎత్తు, బీపీ, నాడి ఊళ్లోనే చూస్తారు, పెద్దాయన దగ్గరికి మూడు నెలలకోసారి. పాప బరువు తగ్గిందని పట్టుకున్నది కూడా ఊళ్లో డాక్టరే, అప్పటినుంచి టిఫిన్ తిన్నాకే మాత్ర. ఒక్క జాగ్రత్త, అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే గట్టి అదుపులో అమ్మేది, చీటీ రెండు కాపీలుండాలి, అన్ని షాపుల్లో దొరకదు, అయిపోయేదాకా ఆగకండి.

రాయగడ మాస్టారు:
అమ్మా, ఆ ఫారం వదలొద్దు. ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా ఇబ్బంది ఉందా అన్నది డాక్టరుకి తెలియాలి, ఇంట్లో మీరు చెప్పింది ఒక్కటే చాలదు. సాయంత్రం టీచరు పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న ఒడియాలో చదివి మీరే టిక్కులు పెట్టించండి, అరగంట పని. బాబు సర్కారు బడిలో ఉంటే ఆర్బీఎస్‌కే (పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం) డాక్టర్ల బృందం వచ్చినప్పుడు చూపించండి, 2013 నుంచి నడుస్తున్న ఆ పథకం జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. జిల్లా కేంద్రానికి వాళ్లే రాసి పంపుతారు.

జయపురం, పిల్లల వార్డు నర్సు:
నాకు తెలిసింది చెబుతాను. అమెరికా, కెనడాల్లో ఏడీహెచ్‌డీ ఉన్న 579 మంది పిల్లలమీద చేసిన ఎంటీఏ అనే పెద్ద పరిశీలన ఫలితాలు 1999లో వచ్చాయి. మామూలుగా ఊళ్లో డాక్టర్లకి చూపించుకున్న పిల్లల్లో కూడా మూడింట రెండొంతుల మంది మందు వాడినవాళ్లే, అయినా నెలనెలా చూసి, టీచరు మాట విని డోసు సరిచేసిన పిల్లలే ఎక్కువ బాగుపడ్డారు. తేడా అంతా ఆ వెంట ఉండి చూడడంలోనే ఉందని నా నమ్మకం. బోస్టన్‌లో చేసిన ఇంకో పరిశీలన ఫలితాలు 2015లో వచ్చాయి. అక్కడ రెండు గుంపులకీ డాక్టరుకీ ఇంటికీ మధ్య కబుర్లు మోసే మనిషి ఉన్నారు, ఒక గుంపులో ఆ మనిషే తల్లిదండ్రులకి పిల్లాడితో ఎలా మెలగాలో కూడా నేర్పారు. ఏడీహెచ్‌డీ లక్షణాలున్న పిల్లల్లో ఆ గుంపువాళ్లకి కుదురులేకపోవడం, ఎదురుతిరగడం ఎక్కువగా తగ్గాయి. మనకి అలాంటి మనిషిని ఎవరూ ఇవ్వరు కాబట్టి మీ డాక్టరుగారి దగ్గర ఉన్న సిస్టర్‌ని అడగండి, నెలకో ఫోన్ అయినా చేయమని. రాత్రి ఏడుపొస్తే 14416కి చేయండి, టెలీ మానస్ అనే సర్కారు మానసిక సాయం ఫోన్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు.

పర్లాకిమిడి అమ్మ:
సోమవారం ఫారం పట్టుకుని బడికి వెళ్తున్నాను. ఉత్తరం సంగతి విశాఖకి ఇవాళే ఫోన్ చేశాను, ఈసారి వచ్చినప్పుడు రాసిస్తామన్నారు. బరంపురం అక్కా, మీ ఉత్తరంలో ఏమేం రాశారో పేర్లు కొట్టేసి ఫోటో పెడతారా, అడగడానికి మాటలు రావడం లేదు నాకు.