అప్‌డేట్: సయాటికాకు వ్యాయామం మొదలుపెట్టి 10 వారాలైంది

సయాటికా (నడుము నుంచి కాల్లోకి వెళ్లే నరం నొప్పి) వల్ల నడుము నుంచి ఎడమ పిక్క దాకా కరెంట్ షాక్‌లా లాగుతోంది, పూర్తిగా పడుకోవాలా, కదలాలా అని అప్పట్లో అడిగాను. కదలమని ధైర్యం చెప్పినవాళ్లందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్.

మొదటి రెండు వారాలు కష్టంగానే గడిచాయి. ఫిజియోథెరపిస్ట్ ముందుగా నేర్పింది బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీని మెల్లగా పైకి లేపడం. అది చేస్తుంటే పిక్కలో నొప్పి తగ్గి నడుములో పెరిగింది. నాకు టెన్షన్ పట్టుకుంది. కానీ నొప్పి కాలి నుంచి పైకి, నడుము వైపు జరగడం మంచి సూచన అని, కిందికి పాకితేనే ఆ వ్యాయామం ఆపాలని ఆవిడ చెప్పారు. ఈ ఒక్క మాటతో నా భయం సగం పోయింది. ఇది అందరికీ ముందే తెలియాలి అనిపిస్తుంది. అయితే వంగితే హాయిగా ఉండేవాళ్లకు వేరే వ్యాయామాలు ఇస్తారు, నావి చూసి చేయకండి.

నడక 5 నిమిషాలతో మొదలై ఇప్పుడు 30కి వచ్చింది. అరగంటకోసారి కుర్చీలోంచి లేస్తున్నాను. ఆరో వారంలో బరువు ఎత్తి మళ్లీ నొప్పి తెచ్చుకున్నాను. రెండు రోజులు తగ్గించి చేశాను కానీ మానలేదు.

తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం, మలం అదుపు తప్పినా, పాదం లేవకపోయినా మాత్రం వ్యాయామంతోనే తగ్గుతుందిలే అని ఎదురుచూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

బొటనవేలిలో కొంచెం మొద్దుబారడం ఇంకా ఉంది. వచ్చే వారం మళ్లీ చూపించుకుంటాను.