ప్రాజెక్ట్ రిపోర్టుల్లో క్యాపిటల్ లెటర్స్: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి?

బ్రాడీపేట_డీటీపీ:
గుంటూరులో జాబ్ టైపింగ్ చేస్తాం. మిర్చి మీద ప్రాజెక్ట్ రిపోర్టులు బాగా వస్తున్నాయి. పిల్లలు రాసి తెచ్చిన కాగితాల్లో ఫార్మర్, మార్కెట్, చిల్లీ, రివర్ అన్నీ పెద్ద అక్షరంతోనే మొదలవుతాయి. ఉన్నది ఉన్నట్టు కొడితే గైడ్ గారు ఎర్ర ఇంకుతో చుట్టి వెనక్కి పంపుతారు, కారణం మాత్రం రాయరు. ఫుల్‌స్టాప్ తర్వాత క్యాపిటల్, ‘నేను’ అనే ఐ ఎప్పుడూ క్యాపిటల్, ఇవి తెలుసు. మిగతావి ఎలా తేల్చుకోవాలి? హెడింగుల్లో ‘ఆఫ్’, ‘ఈజ్’ సంగతేంటి? పైగా ఎంఎస్ వర్డ్ తనంతట తానే కొన్ని మార్చేస్తోంది.

పటమట_ఇంగ్లిష్:
తెలుగు లిపిలో పెద్దా చిన్నా అక్షరాల తేడా లేదు కాబట్టి, మనవాళ్లు క్యాపిటల్‌ని మర్యాద గుర్తుగా వాడేస్తారు. ముఖ్యమైన మాట అనిపిస్తే చాలు, పెద్ద అక్షరం పెడతారు. ఇంగ్లిష్ అడిగేది ఒక్కటే: ఇది ఒకదానికి పెట్టిన సొంత పేరా, లేక ఆ జాతి మొత్తానికి వాడే మాటా?

ప్రకాశం బ్యారేజ్ అన్నప్పుడు పీ, బీ రెండూ క్యాపిటల్. తర్వాతి వాక్యంలో ఉత్తినే ‘ద బ్యారేజ్’ అంటే బీ స్మాల్. ‘కృష్ణా రివర్’లో కే తప్పనిసరిగా క్యాపిటల్. ఆర్ విషయంలో రెండు పద్ధతులున్నాయి: పుస్తకాల్లో ఎక్కువగా క్యాపిటల్, మన ఇంగ్లిష్ పేపర్లలో తరచుగా స్మాల్. ఏదో ఒకటి పట్టుకుని రిపోర్టు చివరిదాకా అదే వాడండి. మూడో పేజీలో ఒకలా, పదో పేజీలో ఇంకోలా ఉంటేనే ఎర్ర ఇంకు పడుతుంది.

పదవుల దగ్గర అందరూ తడబడతారు. పేరుకి ముందు అతికించి ‘కలెక్టర్ ఫలానా’ అని రాస్తే సీ క్యాపిటల్. ‘ద కలెక్టర్ విజిటెడ్ ద యార్డ్’ అంటే స్మాల్. చిన్న అక్షరం పెట్టినంత మాత్రాన ఆయన్ని తక్కువ చేసినట్టు కాదు, ఈ ముక్క పిల్లలకి విడిగా చెప్పాలి. చుట్టరికాలకీ ఇదే లెక్క: ‘మై మదర్’లో రెండో ఎం స్మాల్, నేరుగా ‘మదర్’ అని పిలిస్తే క్యాపిటల్.

సబ్జెక్టుల్లో ఇంగ్లిష్, తెలుగు, హిందీ భాషల పేర్లు, ఎప్పుడూ క్యాపిటల్. బోటనీ, ఎకనామిక్స్ మామూలుగా స్మాల్, సిలబస్‌లో ఉన్న పేపర్ పేరుగా రాస్తేనే క్యాపిటల్. వారాలు, నెలలు క్యాపిటల్, కానీ సమ్మర్, వింటర్ స్మాల్. ‘సౌత్ ఇండియా’లో ఎస్ క్యాపిటల్. ‘గుంటూరుకి దక్షిణాన’ అని దిక్కు చెప్పేటప్పుడు స్మాల్.

లాం_రోడ్:
మిర్చి రిపోర్టులు అన్నారు కాబట్టి సైన్స్ వైపు నాలుగు మాటలు. శాస్త్రీయ నామం ‘క్యాప్సికమ్ ఆన్యుమ్’లో మొదటి మాటకి సీ క్యాపిటల్, రెండో మాటకి ఏ స్మాల్, రెండూ ఇటాలిక్స్. రెండోసారి వచ్చినప్పుడు సీ, చుక్క, తర్వాత ఆన్యుమ్ అంటే సరిపోతుంది. హెడింగ్ మొత్తం టైటిల్ కేస్‌లో, అంటే ముఖ్యమైన మాటలన్నీ పెద్ద అక్షరంతో మొదలయ్యేలా, ఉన్నా సరే, ఆ రెండో మాటని పెద్దది చేయకూడదు. గైడ్లు మొదట చూసేది అదే.

‘గుంటూరు సన్నం’ జీఐ (భౌగోళిక గుర్తింపు) రిజిస్ట్రేషన్ ఉన్న పేరు. జీ, ఎస్ క్యాపిటల్, పక్కన వచ్చే చిల్లీ స్మాల్. మిర్చి రకాల్లో ‘తేజ’కి టీ క్యాపిటల్, ఎల్‌సీఏ 334కి మూడక్షరాలూ క్యాపిటల్. క్యాప్సైసిన్ మిర్చికి కారం ఇచ్చే రసాయనం, కనుక స్మాల్. కారం కొలతకి వాడే స్కోవిల్ మనిషి పేరు, కనుక ఎస్ క్యాపిటల్. పీహెచ్‌లో పీ స్మాల్, హెచ్ క్యాపిటల్. వాక్యం మొదట్లో అది రాకుండా మాటలు అటూ ఇటూ మార్చుకోండి.

కిలోగ్రాముకి కే, జీ రెండూ స్మాల్. విడిగా పెద్ద కే అంటే కెల్విన్. మనిషి పేరున్న యూనిట్ అయితే గుర్తు మాత్రం క్యాపిటల్: వాట్ అని పూర్తిగా రాస్తే స్మాల్, ఒక్క అక్షరంతో సరిపెడితే పెద్ద డబ్ల్యూ. సెల్సియస్‌కి మాత్రం పూర్తిగా రాసినా సీ క్యాపిటలే.

గవర్నర్‌పేట_ప్రూఫ్:
హెడింగులకి వస్తాను. మొదటి మాట, చివరి మాట క్యాపిటల్. మధ్యలో ఏ, యాన్, ద, అండ్, బట్, ‘లేదా’ అనే ఆర్, ఆఫ్, ఇన్, టు లాంటివి స్మాల్. ఈజ్, దాని బహువచనం ఆర్, బీ ఎంత చిన్నవైనా క్రియలు, అవి క్యాపిటల్. ఇట్ కూడా అంతే. ‘విత్’, ‘ఫ్రమ్’ దగ్గర పద్ధతులు వేరు: అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వారి ఏపీ స్టైల్‌లో నాలుగు అక్షరాల నుంచీ క్యాపిటల్, షికాగో స్టైల్ మాన్యువల్ పాత ఎడిషన్లలో ప్రిపొజిషన్ ఎంత పొడుగున్నా స్మాలే, 2024లో వచ్చిన 18వ ఎడిషన్ మాత్రం అయిదు అక్షరాలు, ఆపైన ఉంటే క్యాపిటల్ చేయమంటోంది. కాలేజీ ఇచ్చిన ఫార్మాట్ ఏముందో ముందు అడగండి.

ఇక వర్డ్. హెడింగ్ సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్3 కొడుతూ పోతే అంతా స్మాల్, ప్రతి మాటా క్యాపిటల్, అంతా క్యాపిటల్ అని తిరుగుతుంది. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్ఎన్ కూడా నొక్కాలి. ప్రతి మాటా క్యాపిటల్ చేశాక ఆఫ్, ద కూడా పెద్దవైపోతాయి, చేత్తో దిద్దాలి. అసలు ప్రమాదం ఇంకోటి: అంతా స్మాల్ అయినప్పుడు ఏపీఎస్‌ఆర్‌టీసీ లాంటివీ చిన్నవైపోతాయి, తర్వాతి నొక్కుకి మొదటి ఏ ఒక్కటే పెద్దగా మిగులుతుంది. హెడింగ్ అంతా క్యాపిటల్స్‌లో కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఏ వాడండి. అది పైకి కనిపించే తీరు మాత్రమే, లోపల టైప్ చేసిన అక్షరాలు అలాగే ఉంటాయి.

వర్డ్ తనంతట మార్చేది చుక్క వల్ల. మండలానికి ఎండీఎల్ అని కొట్టి చుక్క, స్పేస్ పెడితే వాక్యం అయిపోయిందనుకుని తర్వాతి అక్షరం పెద్దది చేస్తుంది. అప్పటికప్పుడు కంట్రోల్ జెడ్ చాలు. ఇక రాకూడదంటే ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్, ఎక్సెప్షన్స్, ఫస్ట్ లెటర్ దగ్గర ఆ పొట్టి మాటని చుక్కతో సహా చేర్చండి.

రిపోర్టంతా ఉన్న పెద్ద చిల్లీని చిన్నది చేయాలంటే ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ‘మోర్’ తెరిచి ‘మ్యాచ్ కేస్’ టిక్ పెట్టాలి. టిక్ లేకపోతే వర్డ్ పాత అక్షరం తీరునే పాటిస్తుంది, మీరు మార్చినా మారదు. ‘రీప్లేస్ ఆల్’ జోలికి పోవద్దు, వాక్యం మొదట్లో ఉన్న చిల్లీ కూడా చిన్నదైపోతుంది. ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్లండి.

బ్రాడీపేట_డీటీపీ:
మ్యాచ్ కేస్ సంగతి తెలియకే ఇన్నాళ్లూ చేత్తో దిద్దుతున్నాం. చాలా ఉపయోగం అండీ. రిపోర్టుతో పాటు ఇచ్చే కవరింగ్ లెటర్‌లో చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’కి రెండు మాటలూ క్యాపిటలేనా?

పటమట_ఇంగ్లిష్:
వై ఒక్కటే క్యాపిటల్, ఎఫ్ స్మాల్. యువర్స్‌లో ఎస్ ముందు అపాస్ట్రఫీ (పైన కామాలా ఉండే గుర్తు) తగిలించి తెస్తారు, అదీ తీసేయండి. పైన ‘డియర్ సర్’లో మాత్రం డీ, ఎస్ రెండూ క్యాపిటల్. లెటర్ మధ్యలో ‘సర్’ అని సంబోధించినా ఎస్ క్యాపిటలే ఉంచండి.