కబంధ హస్తాలు: ఆ చేతులు ఎవరిచ్చారు?

ప్రశ్న: వైకల్యమున్న పాత్రను ఊరికే రాక్షసుణ్ణి చేసేయకుండా భయానక కథలు రాయించే కార్యశాల పెడుతున్నాం. ‘కబంధ హస్తాలు’ అన్న పలుకుబడితో మొదలుపెట్టాలని ఉంది. మూలంలో ఏముందో చెప్తారా?

జవాబు: కబంధమంటే తల లేని మొండెం. వాల్మీకి అరణ్యకాండలో కబంధుడికి తలా మెడా లేవు. పొట్టలో నోరు, రొమ్ము మీద ఒకే కన్ను, యోజనం పొడుగు చేతులు. యోజనమంటే మన ఆమడే. ‘కబ్జాదారుల కబంధ హస్తాల్లో చెరువు’ అని పేపర్లో చదివీ చదివీ ఆ చేతుల పుట్టుక మరిచిపోయాం. ఇంద్రుడి వజ్రం దెబ్బకి తల, తొడలు ఒంట్లోకి దిగబడ్డాయి. బ్రహ్మ దీర్ఘాయువు ఇచ్చి ఉన్నాడు, చావు రాదు. తిండి లేకుండా ఎలా బతకాలని అడిగితే ఆ చేతులూ, పొట్టలో నోరూ ఇచ్చింది ఇంద్రుడే. కదల్లేనివాడికి అమర్చిన సాధనాలవి. కొట్టినవాడే అమర్చాడు మరి!

మరొకరు: కథకి అదే పట్టు అండీ. ఆకారాన్ని వర్ణించి భయపెట్టబోతే పాత పొరపాటే, అవయవలోపం కాస్తా దుర్మార్గానికి గుర్తైపోతుంది. ముందు ఆ ఒళ్ళు ఎలా పనిచేస్తుందో కాగితమ్మీద రాయించండి. మెడ లేదు, తల తిప్పి చూడలేడు. తొడలు లోపలే, లేచి తిరగలేడు. అంటే వెనకవైపు ఏముందో ఎప్పటికీ తెలీదు. ఎలుగులు, సింహాలు, ఏనుగులు దొరికితేనే కూడు, ఆమడ దాటితే పస్తు. ఇప్పుడు కథని అతని వైపునుంచి చెప్పించండి. భయం వెనకనుంచి వినబడే అడుగుల చప్పుడులో ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: ముగింపు? రామలక్ష్మణులు కాల్చగానే కబంధుడికి దివ్యరూపం వచ్చేస్తుంది కదా.

జవాబు: చిక్కంతా అక్కడే. ఇలాంటి పాత్రని చంపడమో, నయం చేయడమో కథకులకి అలవాటు. ఇక్కడ రెండూ ఒకే చితిలో అయిపోతాయి. ఇంకో మెలిక ఉంది. రామలక్ష్మణులు చేతులు నరికితే స్వర్గమని ఇంద్రుడి మాట, అందుకే రాముడు చిక్కకపోతాడా అని అందినదాన్నల్లా పట్టుకుంటున్నానంటాడు కబంధుడు. కుడిచెయ్యి రాముడు, ఎడమచెయ్యి లక్ష్మణుడు నరికారు. పొద్దుగుంకేలోపు తనని గోతిలో వేసి కాల్చమన్నాడు కబంధుడు, కాలితే తప్ప సీతకోసం ఎవరి సాయం అడగాలో చెప్పే జ్ఞానం రాదట. చేతులు తెగిన క్షణానికీ నిప్పు పెట్టే క్షణానికీ మధ్య కథ ఆపమనండి. దివ్యరూపం జోలికి పోవద్దు.