రూపాయి బిళ్ళ మీద గీత: టంకశాల తప్పా, వాడకంలో పడ్డ దెబ్బా?

చిల్లర డబ్బా: నిన్న బస్సులో కండక్టర్ ఇచ్చిన చిల్లరలో 1998 నాటి స్టీలు రూపాయి వచ్చింది. సంవత్సరం కింద నక్షత్రం ఉంది, అంటే హైదరాబాద్ టంకశాలదే. సింహాల వైపు అంచు నుంచి లోపలికి సన్నగా ఒక గీత. బొమ్మకీ బొరుసుకీ కూడా పొంతన కుదరలేదు. ఇది ఎర్రర్ కాయినే, అంటే టంకశాలలోనే తప్పుగా తయారైన నాణెమే అని నా నమ్మకం. వీడియోల్లో ఇలాంటివి లక్షలు పలుకుతాయంటున్నారు, నిజమేనా?

గోదారి గట్టు: పాతికేళ్లు చేతులు మారిన బిళ్ళ మీద గీతలు పడవా అన్నా? ప్రతి గీతకీ ఎర్రర్ అని పేరు పెడితే అసలైన వాటికి విలువేముంటుంది?

పాత పైసా: తేల్చేది గీత కాదు, లోహం. గోటితో తడిమి చూడండి. గోరు లోపలికి దిగితే అది గీసుకున్నదే. ఉబ్బెత్తుగా తగిలితే బిళ్ళ మీద బొమ్మ కొట్టే అచ్చు పగిలినట్టు. ఆ పగుల్లోకి లోహం ఎక్కి గీతగా నిలుస్తుంది. బయట ఎంత రుద్దినా గీత పైకి లేవదు కదా.

తర్వాత సింహాలు నిటారుగా ఉండేలా పట్టుకుని పుస్తకంలో పేజీలా పక్కకి తిప్పండి. మన నాణేల్లో వెనక వైపు కూడా నిటారుగానే రావాలి. వాలితే అచ్చు తిరిగినట్టు.

ఎర్రర్ అంటూ అమ్మే ఇంకో రకం, అద్దంలో కనిపించినట్టు తిరగబడి గుంటగా బొమ్మ పడిన బిళ్ళలతో మాత్రం జాగ్రత్త. రెండు బిళ్ళల్ని బిగింపులో పెట్టి నొక్కి అమ్మేవాళ్లున్నారు. అలా చేస్తే అవతలి వైపు బొమ్మ చదునవుతుంది. నేనొకసారి అది చూసుకోక మోసపోయాను, ఇప్పటికీ బాధే.

లక్షల మాట నమ్మొద్దు. పాత నాణేలు కొంటామంటూ తమ పేరు వాడి ముందే ఫీజులు అడిగేవాళ్ల గురించి 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది.

చిల్లర డబ్బా: తడిమి చూశాను, ఉబ్బెత్తుగానే ఉంది. తిప్పితే అంకె గడియారంలో ఒంటిగంట వైపు వాలింది.

గోదారి గట్టు: అయితే గీత విషయం ఒప్పుకుంటున్నా. ఆ కాస్త వాలుని ఎర్రర్ అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. కోట్లలో కొట్టే బిళ్ళల్లో అది మామూలే.

పాత పైసా: మామూలైనా తప్పు తప్పే, గోదారి గట్టు గారూ. ధర రాదంటే ఒప్పుకుంటాను, తప్పే కాదంటే ఒప్పుకోను. చిల్లర డబ్బా గారూ, దాన్ని చింతపండుతో తోమకండి, అలాగే కాగితంలో చుట్టి దాచండి.